కాలనీ రోడ్డు ఎవరిది? గోడలు, గేట్లు, ర్యాంపులు, పార్కింగు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉంది. నేను ప్లాటు కొన్నప్పుడు అది గ్రామ పంచాయతీ, ఇల్లు కట్టేసరికి మున్సిపాలిటీ, ఇప్పుడు మహానగరం. కాలనీ సంఘానికి రెండు దఫాలు కార్యదర్శిగా చేశాను. నీళ్లు రాలేదనో, కరెంటు పోయిందనో వచ్చిన ఫోన్లకంటే రోడ్డు గురించి వచ్చినవే ఎక్కువ. అవే ప్రశ్నలు, అవే జవాబులు పదేపదే చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను వకీలును కాను. కోర్టు దాకా వెళ్లేవాళ్లు వకీలునే కలవాలి. అక్కడిదాకా వెళ్లకుండా తేలేవాటికి ఇది పనికొస్తుంది.

మా ఇంటి ముందు రోడ్డు మాది కాదా?

కాదు. మీదీ కాదు, ఎదురింటివాళ్లదీ కాదు, సంఘానిదీ కాదు. అనుమతి ఉన్న లేఔట్‌లో రోడ్లనూ, పార్కుకు వదిలిన జాగానూ వెంచర్ వేసినవాళ్లు స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్ చేసి ఇచ్చేయాలి. అప్పటినుంచి అది ప్రజల రోడ్డు. మీ సేల్ డీడ్ చివర షెడ్యూల్ తీసి చూడండి. ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అని హద్దు రాసి ఉంటుంది. మీ గజాలు అక్కడితో అయిపోయాయన్నమాట. రోడ్డు మీ హద్దే గాని మీ ఆస్తి కాదు.

‘మా ఇంటి ముందు’ అనే మాటలోనే సగం గొడవ ఉంది. పొద్దున్నే కళ్లాపి చల్లి ముగ్గు వేసినంత మేరా మనదే అనిపిస్తుంది. ముగ్గు వేసుకోండి, ఎవరూ కాదనరు. దాని చుట్టూ ఇనుప కంచె వేస్తేనే పేచీ.

మాది పంచాయతీ లేఔట్. హుడా, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థలు) అనుమతి ఏదీ లేదు. అప్పుడు రోడ్డు పాత పట్టాదారుదేనా?

శివార్లలో సగం కాలనీల కథ ఇదే. సర్పంచి సంతకం, గుండ్రటి ముద్ర, చేత్తో గీసిన ప్లాను, అంతే. ఇరవై ముప్పై ఏళ్లకు గజం ధర ఆకాశానికి ఎక్కాక పట్టాదారుగారి కొడుకో మనవడో వచ్చి, ‘రోడ్డు జాగా ఇంకా మా నాయన పేరు మీదే ఉంది’ అని కడీలు పాతుతాడు. ప్లాను చూపించి, రోడ్డును హద్దుగా రాసి ప్లాట్లు అమ్మేశాక అదే రోడ్డును మళ్లీ ప్లాటు చేసి అమ్ముకోవడం కుదరదు. రికార్డులో పేరు మిగిలి ఉన్నంత మాత్రాన దారి హక్కు పోదు.

ఇలాంటప్పుడు ఒక్కరి కాగితం చాలదు. ఆ వీధిలో వీలైనంత మంది డీడ్ల నకళ్లు పోగు చేయండి. పది డీడ్లలో, పది వేర్వేరు తేదీల్లో, అదే రోడ్డు హద్దుగా కనబడితే ఎదుటివాడి గొంతు తగ్గుతుంది. తెలంగాణలో 2020 ఆగస్టు 26 లోపు పడిన అనుమతి లేని లేఔట్లకు ఎల్‌ఆర్‌ఎస్ (లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం) అవకాశం ఇచ్చారు. అందులో రోడ్డు కనీసం 9 మీటర్లు ఉండాలన్నారు, బలహీన వర్గాల లేఔట్లకు 6 మీటర్లు. మీ వీధిలో ఎవరైనా ఎల్‌ఆర్‌ఎస్ చేయించుకుని ఉంటే ఆ ప్రొసీడింగ్స్‌తో వచ్చిన ప్లాను కూడా అడిగి తీసుకోండి. రోడ్డు కొలత దాంట్లో ఉంటుంది.

నక్ష బాట అంటే ఏమిటి? అది ఉంటే ఏం లాభం?

గ్రామ నక్షలో గీసి ఉన్న పాత దారి. బండి బాటను జంట గీతలతో, కాలిబాటను ఒంటి గీతతో చూపిస్తారు. కోస్తాలో కొన్నిచోట్ల దీన్నే డొంక అంటారు, గోదావరి వైపు పుంత అంటారు. ఊరు పొలాలుగా ఉన్నప్పుడు ఎడ్లబండ్లు తిరిగిన దారి అది. పొలాలు వెంచర్లయ్యాక ఎవరో ఒకరు దాన్ని తమ ప్రహరీ లోపలికి కలిపేసుకుంటారు. మధ్యలో ఎన్ని చేతులు మారినా బాట ఏ పట్టాదారుదీ కాదు. సర్వే, ల్యాండ్ రికార్డుల శాఖ నుంచి గ్రామ నక్ష సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు. సర్వే నంబరు కొలతలు కావాలంటే తెలంగాణలో టిప్పన్, ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ అడగాలి. నక్ష మీద బాట కనబడితే మీ కేసు బలం ఒక్కసారిగా పెరుగుతుంది. ఫిర్యాదుకు కాలనీలో వంద సంతకాలు పెట్టించడంకన్నా ఆ నకలు ఒక్కటి తేవడం మేలు.

పక్క గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు రోడ్డుకు అడ్డంగా గోడ కట్టారు. కట్టొచ్చా?

ముందు అది నిజంగా గేటెడ్ కమ్యూనిటీయేనా, గేటు తగిలించుకున్న మామూలు లేఔటా అనేది తేల్చుకోవాలి. మొత్తం జాగాకు ఒకే ప్రాజెక్టుగా అనుమతి తీసుకుని, లోపలి దారులను అక్కడి యజమానుల ఉమ్మడి వాడకానికి చూపించి కట్టినవి ఉంటాయి. వాటి లోపలి దారుల్లో మీరు నడుస్తామంటే కుదరదు. అలాంటి చోట కూడా మాస్టర్ ప్లాన్ రోడ్డు, నక్ష బాట, వెనక ఉన్న భూములకు ప్లానులో చూపించిన దారి వదలాల్సిందే. ఇక మామూలు లేఔట్‌లో రోడ్లు స్థానిక సంస్థవి. అక్కడ రాత్రిపూట భద్రత కోసం అందరూ ఒప్పుకుని గేటు పెట్టుకున్నా, పోయేవాళ్లను ఆపే అధికారం సంఘానికి లేదు. పేరు, ఊరు రాసి పొమ్మని రిజిస్టరు చేతికిచ్చే వాచ్‌మన్‌కూ లేదు.

మా సంగతి చెబుతాను. మా వెనక వీధి చివర ఇరవై అడుగుల లింకు రోడ్డు ఉండేది. దసరా సెలవుల్లో, అందరూ ఊళ్లకు పోయినప్పుడు, సిమెంటు ఇటుకలతో ఛాతీ ఎత్తు గోడ లేచింది. ఇలాంటివి ఎప్పుడూ సెలవుల్లోనే లేస్తాయి, ఆఫీసులు మూసి ఉంటాయి కదా. బడికి ఏడు నిమిషాల నడక పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి రావడమైంది. బడి తెరిచిన మొదటి రోజు పొద్దున స్కూలు వ్యాను గోడ దాకా వచ్చి, వెనక్కి తిప్పడానికి చోటు లేక, మొత్తం వీధి రివర్సులో వెళ్లింది. డ్రైవరు తిట్టిన తిట్లు మా మూడో అంతస్తు దాకా వినబడ్డాయి.

మేము చేసిన తప్పు ఏమిటంటే, మొదటి వారమంతా గోడ దగ్గర నిలబడి అరిచాం. వాళ్లవైపు నుంచి పెద్దాయన ఒకరు వచ్చి, ‘చూడండి సార్, మా పిల్లలు ఆడుకునే చోట మీ బైకులు అరవైలో పోతున్నాయి’ అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. మా కుర్రాళ్ల సంగతి మాకు తెలుసు. అప్పుడే కూర్చుని మాట్లాడి ఉంటే రెండు స్పీడ్ బ్రేకర్లతో తెగిపోయేది. మేము పంతానికి పోయాం, వాళ్లు గోడ మీద గాజు పెంకులు పెట్టారు. ఆ తర్వాత లేఔట్ నకలు తెచ్చి, టౌన్ ప్లానింగ్‌కు రాసి, నోటీసులు, వాయిదాలు, పద్నాలుగు నెలలు. ఇవాళ అక్కడ గోడ లేదు, గేటు ఉంది. పగలు తెరిచి ఉంటుంది. రాత్రి పదకొండు తర్వాత బైకు పట్టేంత సందు వదులుతారు. పూర్తి గెలుపు అనను.

ఇప్పుడు మీకొస్తే మరో దారి కూడా ఉంది. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ, ఔటర్ రింగ్ రోడ్డు లోపల చెరువులతోపాటు పార్కులు, లేఔట్ రోడ్ల ఆక్రమణలు కూడా చూస్తోంది. కాలనీల మధ్య అడ్డంగా కట్టిన గోడలను కూల్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి. సోమవారం ప్రజావాణిలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. లేఔట్ కాపీ, రోడ్డు మూయక ముందు ఎలా ఉండేదో చూపే పాత శాటిలైట్ చిత్రం, ఇప్పటి ఫోటో, ఈ మూడూ తీసుకెళ్లండి.

కంటోన్మెంట్‌లో మిలిటరీ వాళ్లు రోడ్డు మూసేస్తే?

నేరేడ్‌మెట్, సఫిల్‌గూడ, మల్కాజిగిరి, యాప్రాల్ వైపు ఉన్నవాళ్లకు ఇది రోజువారీ వ్యవహారం. సైన్యం వాళ్ల ఏఓసీ కేంద్రం గేటు తెరిచి ఉంటే ఒక లెక్క, మూసి ఉంటే ఒక లెక్క. ఇది కాలనీ గోడలాంటిది కాదు, ఇక్కడ రక్షణ శాఖ భూమి అనే మెలిక ఉంది. అయినా ఇష్టం వచ్చినట్టు మూయడానికి లేదు. కంటోన్మెంట్ చట్టం 2006లోని 258వ సెక్షను ప్రకారం వీధి మూయాలంటే ఒక పద్ధతి ఉంది, ప్రజలకు నోటీసు ఇవ్వాలి. దేశంలో అప్పుడున్న 62 కంటోన్మెంట్లలో ఆ పద్ధతి పాటించకుండా మూసిన రోడ్లు తెరవాలని 2018 మేలో రక్షణ మంత్రిత్వ శాఖ ఆదేశించింది. కొన్ని తెరుచుకున్నాయి, కొన్నిచోట్ల పేచీ సాగుతూనే ఉంది. మీ ఒక్క కాలనీ పోరాటంతో ఇది తేలదు. సికింద్రాబాద్ ఈశాన్య ప్రాంతపు కాలనీల సంఘాలన్నీ కలిసి పట్టుకున్నప్పుడే కదలిక వచ్చింది.

నా ప్లాటుకు దారే లేదు. పక్కాయన జాగాలోంచి పోతున్నాను. రేపు ఆపేస్తే?

అన్నదమ్ములు పంచుకున్నప్పుడు వెనక భాగం వచ్చినవాళ్లకు తరచూ వచ్చే కష్టం. ఒకే జాగాను పంచినప్పుడో అమ్మినప్పుడో వెనక ముక్కకు వేరే దారి లేకపోతే, ముందు ముక్కలోంచి దారి అడిగే హక్కు ఉంటుంది. దాన్ని అవసరార్థపు హక్కు అంటారు. వేరే దారి దొరికిన రోజున అది పోతుంది.

రెండోది వాడకం వల్ల వచ్చే హక్కు. బహిరంగంగా, ఎవరి అనుమతీ అడక్కుండా, హక్కుగా, మధ్యలో తెగకుండా 20 ఏళ్లు నడిచి ఉండాలి. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. చాలామంది ఎక్కడ దెబ్బతింటారంటే, ‘అన్నా, కొంచెం దారి ఇయ్యవా’ అని అడిగి, ఆయన సరే అంటే నడుస్తుంటారు. అనుమతి మీద నడిస్తే నలభై ఏళ్లయినా హక్కు రాదు. ఇంకొకటి, దారి ఆపాక ఊరికే కూర్చోకండి. రెండేళ్లలోపు కోర్టుకు వెళ్లకపోతే ఆ ఇరవై ఏళ్ల లెక్క పనికిరాకుండా పోతుంది.

సంబంధాలు బాగున్నప్పుడే దారిని డీడ్‌లో రాయించి రిజిస్టర్ చేయించుకోవడం అన్నిటికన్నా చవక.

ఎదురింటివాళ్ల ర్యాంపు రోడ్డు మీదికి వచ్చింది. ఏం చేయాలి?

ర్యాంపు ఎవరి ప్లాటులో వాళ్లు కట్టుకోవాలి. రోడ్డు మీదికి వస్తే అది ఆక్రమణే. జీహెచ్‌ఎంసీ చట్టం 1955లో 402వ సెక్షను వీధికి అడ్డుగా కట్టడాలు వద్దంటుంది, 405 ప్రకారం నోటీసు లేకుండా కూడా తొలగించొచ్చు. చట్టం అంత తేలిగ్గా చెబుతుంది. వీధిలో పని అంత తేలిక కాదు.

ఒకసారి మా వీధిలో ఇద్దరి మధ్య ఇదే గొడవ. పొద్దున ఆరింటికి టేపు పట్టుకుని వెళ్లాను. ఫిర్యాదు చేసినాయన టేపు ఒక కొస పట్టుకున్నాడు, ర్యాంపు ఉన్నాయన రెండో కొస పట్టుకున్నాడు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. ర్యాంపు గేటు నుంచి 4 అడుగుల 7 అంగుళాలు బయటికి వచ్చింది. సరే, ఇటు కూడా కొలుద్దామని ఫిర్యాదు చేసినాయన గేటు దగ్గర టేపు పెడితే 3 అడుగుల 10 అంగుళాలు. దాని పక్కన రెండడుగుల పూలతొట్టి దిమ్మె. 30 అడుగుల రోడ్డులో మిగిలింది ఇరవై అడుగుల చిల్లర. అందులో రెండువైపులా కార్లు. ఆ రోజు నుంచి ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.

అందుకే నేను అందరికీ చెప్పేది: ఫిర్యాదు రాసే ముందు మీ గేటు దగ్గర కొలుచుకోండి. ఆఫీసువాళ్లు వస్తే ఒక్క ఇంటికే వచ్చి పోరు, వీధి మొత్తం మార్కింగ్ చేసి పోతారు.

అసలు కష్టం ఏమిటంటే, ర్యాంపు కింద మోరీ. పైన సిమెంటు వేసి మూసేస్తారు, కింద పైపు ఆరంగుళాలది వేస్తారు. మొదటి పెద్ద వానకు చెత్త ఇరుక్కుని నీళ్లు ఎగువ ఇంట్లోకి వెళ్తాయి. ఎవరి ర్యాంపు కింద ఇరుక్కుందో తవ్వితే గాని తెలియదు. తీయగలిగే ఇనుప జాలీ పెట్టించండి, పగలగొట్టే పని తప్పుతుంది.

రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి మా ఇల్లు గుంతలో పడింది. దీనికి మందు లేదా?

పాత సీసీ (సిమెంటు కాంక్రీటు) మీదే కొత్త సీసీ పోస్తే జరిగేది ఇదే. ఒక్కసారికి ఆరంగుళాలు అనుకుంటే మూడు సార్లకు అడుగున్నర. మెట్లెక్కి వెళ్లిన గడప కాస్తా మెట్లు దిగి వెళ్లే గడప అవుతుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు మా వీధిలో ముందు మునిగినవి పాత ఇళ్లే, కొత్తవి కావు.

పని మొదలు కాకముందే పట్టుకోవాలి. మున్సిపల్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాతపూర్వకంగా ఇవ్వండి: పాత పొర తీసి అదే మట్టానికి వేయాలని, ఎస్టిమేట్‌లో ఆ ఖర్చు చేర్చాలని. కంకర టిప్పరు వచ్చాక అడ్డుపడితే కాంట్రాక్టరు, ‘ఎస్టిమేట్‌లో లేదు సార్’ అంటాడు, అతనిదీ తప్పు కాదు. పాతది తీసే ముందు నీళ్ల పైపు, డ్రైనేజీ పనులు మిగిలి ఉన్నాయేమో కూడా అడగండి. కొత్త రోడ్డు వేసిన నెలకు జలమండలి వచ్చి తవ్వడం చూసి గుండె తరుక్కుపోవడం ఎందుకు.

మా గేటు ముందు వేరేవాళ్లు కారు పెడుతున్నారు. ఆపగలమా?

గేటుకు అడ్డంగా పెడితే ఆపగలరు. గేటు పక్కన, మీ ప్రహరీ పొడుగునా పెడితే అది మీ జాగా కాదు కాబట్టి మీకు ప్రత్యేక హక్కేమీ లేదు. అక్కడ రాళ్లు పేర్చడం, పాత టైర్లలో సిమెంటు పోసి పెట్టడం, ‘నో పార్కింగ్, గాలి తీయబడును’ అని బోర్డు రాయించడం, ఏదీ చెల్లదు. గాలి తీస్తే కేసు మీ మీద అవుతుంది.

నెలల తరబడి కదలని దుమ్ము కార్ల సంగతి వేరు. బహిరంగ స్థలంలో 10 గంటలకు మించి వదిలేసిన బండిని తీయించే అధికారం మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను పోలీసులకు ఇస్తుంది. ట్రాఫిక్ స్టేషన్‌కు బండి నంబరు, ఫోటో ఇవ్వండి. మరో మాట. ఇంటి ప్లానులో స్టిల్టు (భవనం కింది) పార్కింగ్ చూపించి, కట్టాక దాన్ని కిరాణా కొట్టుకో, రెండు గదుల పోర్షనుకో అద్దెకిచ్చి, కారు రోడ్డున పెట్టే ఇంటి యజమానులే కాలనీ పార్కింగ్ గొడవకు అసలు కారణం. అది అనుమతికి విరుద్ధం, ఫిర్యాదు చేయదగ్గదే.

స్పీడ్ బ్రేకర్ మేమే వేసుకోవచ్చా?

వేసుకోకూడదు, అయినా అందరూ వేస్తారు. ఇల్లు కడుతున్నవాళ్ల దగ్గర మిగిలిన కాంక్రీటు రాత్రికి రాత్రి రోడ్డు మీద గట్టుగా మారుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం హంపు ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి పోయే దిశలో పొడవు 3.7 మీటర్లు ఉండాలి. అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగే గుట్ట. మనవాళ్లు వేసేది అడుగు వెడల్పు గోడ. నడుం నొప్పివాళ్లకు, ఆటోలో ఆస్పత్రికి పోయే గర్భిణికి అది నరకం. మున్సిపాలిటీకి, ట్రాఫిక్ పోలీసులకు కలిపి రాయండి. బడి దగ్గరైతే తొందరగా వేస్తారు. తెల్ల చారలు కూడా అడగండి, చీకట్లో చారలు లేని బ్రేకరే ముందు ప్రాణం తీస్తుంది.

మా ఇంటికి వీధి పోటు. ఎదురు రోడ్డు చివర గోడ కట్టించొచ్చా?

నవ్వకండి, ఇది నిజంగా అడిగారు, ఒకసారి కాదు. వాస్తు మీద నమ్మకం ఉంటే మీ గోడకు గణపతి పటం పెట్టుకోండి, మీ ప్రహరీ లోపల చెట్టు నాటుకోండి. మీ ఇంటి పోటు పోవడానికి ఊరి రోడ్డు ఆపడం కుదరదు.

ఇసుక, కంకర నెలలుగా రోడ్డు మీదే ఉన్నాయి. టెంట్లు, మండపాల సంగతి?

ఇంటి అనుమతి ప్లాటు లోపలి కట్టడానికే, రోడ్డు మీద సామాను పోసుకోవడానికి కాదు. అయితే ఇల్లు కట్టనివాళ్లు ఎవరున్నారు? ఒక లోడు దింపి, రెండు రోజుల్లో లోపలికి ఎత్తించుకుంటే ఎవరూ మాట్లాడరు. మా కాలనీలో నోటిమాట ఒప్పందం: సగం రోడ్డు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, మోరీ మీద పోయకూడదు, రెడీమిక్స్ లారీ పొద్దున బడి వేళ రాకూడదు.

పెళ్లికో దశదిన కర్మకో టెంటు వేయాలంటే రోడ్డు పూర్తిగా మూయకుండా, పోలీసు అనుమతితో వేసుకోవాలి. వినాయక మండపానికీ అంతే. అంబులెన్సు పట్టే దారి వదిలారా లేదా అనేదే నేను చూసేది. చప్పుడు విషయంలో రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు లౌడ్‌స్పీకర్లు బంద్. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. హైదరాబాద్ పోలీసు కమిషనరేట్ 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించింది. చప్పుడు ఎక్కువైతే 100కో 112కో ఫోన్ చేయండి, పేరు చెప్పాల్సిన పని లేదు.

వీధి కుక్కల వల్ల ఆ రోడ్డున పోలేకపోతున్నాం. ఒకావిడ రోజూ అన్నం పెడుతుంది.

కొట్టడం, విషం పెట్టడం నేరం. ఎక్కడికో తీసుకెళ్లి వదిలేయడం కూడా పరిష్కారం కాదు, వాటి చోటికి వేరేవి వస్తాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో 20వ నియమం ప్రకారం తిండి పెట్టే చోటు సంఘమే నిర్ణయించాలి. పిల్లలు ఆడే చోటు, మెట్లు, భవనం ద్వారం దగ్గర కాకుండా చూడాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ప్రత్యేక చోట్లలోనే పెట్టాలని, ఆపరేషను, టీకా అయినవాటిని పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి మాత్రం వదలకూడదని చెప్పింది. మేము ఆ ఆంటీతో గొడవపడకుండా చెత్త డబ్బా అవతలి ఖాళీ ప్లాటు మూల చూపించాం. ఆపరేషన్లకు కుక్కలను పట్టేవాళ్లు వచ్చినప్పుడు వాటిని పిలిచి దగ్గరకు చేర్చింది కూడా ఆవిడే. వేరేవాళ్లు పిలిస్తే వస్తాయా అవి?

రోడ్డు పక్క చెట్టు అడ్డమొస్తోంది. కొట్టేయొచ్చా?

వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. తీగల మీద పడ్డ కొమ్మల కోసం విద్యుత్ శాఖకు 1912.

సంఘానికి చందా కట్టనివాళ్ల బండ్లు ఆపుతామంటున్నారు. ఆపొచ్చా?

ఆపకూడదు. సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం సభ్యుల సంఘమే గాని రోడ్డుకు యజమాని కాదు. వాచ్‌మన్ జీతానికి, కెమెరాలకు చందా అడగొచ్చు, బతిమాలొచ్చు, బోర్డు మీద బాకీ పేర్లు కూడా రాయొచ్చు (మేము రాశాం, ఒకాయన బావమరిది చూసి నవ్వాడని మర్నాడే కట్టేశాడు). గేటు దించడం మాత్రం తప్పు. అపార్టుమెంటు సంగతి వేరు, అక్కడ ఉమ్మడి ఖర్చులకు బాధ్యత ఉంటుంది.

రోడ్డు విస్తరణలో నా జాగా ఎంత పోతుంది?

ఉన్న రోడ్డు మధ్య నుంచి కొలుస్తారు. 20 అడుగుల వీధి 30 కావాలంటే మధ్య నుంచి ఇటు 15, అటు 15. మీవైపు ఐదడుగులు. కొత్త ఇంటికి అనుమతి అడిగినప్పుడు ఆ ఐదడుగులు వదిలాకే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) లెక్క మొదలవుతుంది. ‘ఎదురువాళ్లు వదల్లేదు కదా’ అనేది సమాధానం కాదు. వాళ్లు కూల్చి కట్టే రోజున వాళ్లకూ వస్తుంది.

సరే, ఫిర్యాదు ఎవరికి? ఏ వరుసలో?

ముందు ఎదుటివాళ్ల ఇంటికి వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, గ్రూపులో పెట్టినది పంచాయితీ కాదు, తమాషా. పొద్దున్నే కాకుండా, సాయంత్రం టీ వేళకు, ఇద్దరికన్నా ఎక్కువ మంది కాకుండా వెళ్లండి.

కుదరకపోతే సర్కిల్ లేదా మున్సిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111, జలమండలికి 155313. ప్రజావాణి సోమవారం. ఆంధ్రలో కలెక్టరేట్‌లో ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్ కూడా సోమవారమే, వార్డు సచివాలయంలో కూడా ఇవ్వొచ్చు.

నెల దాటినా కదలకపోతే సమాచార హక్కు. పది రూపాయల రుసుముతో, ‘నా ఫిర్యాదు మీద ఏ చర్య తీసుకున్నారు, ఫైలు ఎవరి దగ్గర ఉంది, లేఔట్ సర్టిఫైడ్ నకలు ఇవ్వండి’ అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఎందుకు కూల్చలేదు’ అని మాత్రం అడగకండి. ఆ చట్టం కింద కాగితాలు ఇస్తారు, కారణాలు వెతికి చెప్పరు.

బహిరంగ దారికి అడ్డం అయితే ఆర్డీఓ దగ్గరికి కూడా వెళ్లొచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను, పాత సీఆర్‌పీసీలో 133, తొలగించమని ఆదేశించే అధికారం ఇస్తుంది. ఈ సెక్షను పేరు వింటే మన వైపు ఆఫీసుల్లో కొందరు తెల్లమొహం వేస్తారు గాని దీని బలం తక్కువ కాదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు, పారిశుద్ధ్యం లేక వీధివాళ్లు ఇదే దారిన వెళ్లారు. డబ్బుల్లేవన్న మున్సిపాలిటీ వాదనను 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తోసిపుచ్చారు.

ఇద్దరి మధ్య గొడవ అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్ అడగండి. ఖర్చు లేదు. అక్కడ రాజీ రాసుకుంటే కోర్టు డిక్రీతో సమానం.

రాత్రి గేటు వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

మా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి వాచ్‌మన్ దగ్గర. అతను రెండింటికి నిద్రపోతాడు, అది అందరికీ తెలుసు. రెండోది గేటు పక్క మొదటి ఇంటి ఆంటీ దగ్గర. ఆవిడకు ఆయాసం, ఎలాగూ తెల్లవారుజాము దాకా వరండాలో కూర్చునే ఉంటుంది. పోయినేడు 108 వచ్చినప్పుడు సైరను గేటు దాకా రాకముందే తాళం తీసి నిలబడింది. గోడ కట్టిన రోజుల్లో అటువైపు నుంచి అందరికన్నా గట్టిగా అరిచింది కూడా ఆవిడే.